అక్క చేతికి నల్ల గీతలు

లేజర్ కింద మాడిన టేపు వాసన నాకు ఇష్టం. పైకి చెప్పుకోదగిన ఇష్టం కాదని నాకూ తెలుసు. మా ప్రయోగశాలలో పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి ఆ వాసన రాగానే చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని కిటికీ దగ్గరికి పోతుంది. ఇస్త్రీపెట్టె కింద నైలాన్ చీర కొంగు అంటుకుంటే వచ్చే వాసన లాంటిదే అది. నేను మా అక్క కుట్టుమిషను పక్కన కూర్చుని చదువుకున్నదాన్ని. పరీక్ష ఏదైనా, సబ్జెక్టు ఏదైనా, నా చదువంతటికీ కొంచెం ఆ వాసన ఉంది.

మా ఊరు నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఉంటుంది. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరినప్పుడల్లా ఊరంతా మేడలెక్కి చూస్తుంది. సైన్సు చదివినవాళ్ళందరూ అక్కడే ఉంటారని మావాళ్ళ లెక్క. "పాప రాకెట్ల దగ్గరే గదా" అని అడిగినవాళ్ళకి, కాదండీ, నేను చెన్నైలో రబ్బరు వేళ్ళు చేస్తాను అని చెప్పేదాన్ని. పాపం ఈ పిల్లకి సరైన ఉద్యోగం దొరకలేదు కాబోలు అనుకుని వాళ్ళు మాట మార్చేసేవాళ్ళు. కొన్నాళ్ళకి విసుగొచ్చి, అవును రాకెట్ల దగ్గరే అనడం మొదలుపెట్టాను.

చేసేది మాత్రం నిజంగా రబ్బరు వేళ్ళే. లోపల గాలి నింపితే వంగుతాయి. ఇనప చెయ్యి టమాటా పట్టుకుంటే చిదిపేస్తుంది. మెత్తటి వేళ్ళయితే నలగకుండా పట్టుకుంటాయి. అయితే తాను ఎంత వంగిందో ఆ వేలికి తెలియాలి కదా. దానికి తీగలు కావాలి. రాగి తీగ పెడితే రబ్బరు సాగినప్పుడు పుటుక్కున తెగుతుంది. రబ్బరుతో పాటు సాగే తీగ ఎక్కడిది?

లేజర్ అక్కడ అవసరమైంది. సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్ళు వాడే పసుపుపచ్చ టేపు ఒకటుంటుంది, మామూలు వేడికి కరగదు. దాని మీద లేజర్ కాంతిని మెలికలు మెలికలుగా నడిపిస్తే, కాంతి తగిలినంత మేరా టేపు మాడి నల్లటి బొగ్గవుతుంది. కరెంటు పారే బొగ్గు. దాని మీద చిక్కటి సిలికాన్ ద్రవం పోసి, అది గట్టిపడి రబ్బరయ్యాక మెల్లగా ఒలిస్తే, ఆ నల్ల గీత టేపుని వదిలిపెట్టి రబ్బరులోకి వచ్చేస్తుంది. రబ్బరు సాగితే గీత సాగుతుంది. సాగినకొద్దీ దానిలో కరెంటు పారడం కష్టమవుతుంది. ఎంత కష్టమైందో కొలిస్తే వేలు ఎంత వంగిందో తెలిసిపోతుంది. గీత ఒలిచేటప్పుడు చెయ్యి ఏమాత్రం వణికినా పగుళ్ళొస్తాయి, మళ్ళీ మొదటికి. నాకు ఓపిక తక్కువ. ఈ పనికి నేనెలా దొరికానో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇదంతా ఒకసారి అక్కకి వివరంగా చెప్పాను. ఆమె బ్లౌజుకి హుక్కులు కుడుతూ, తలెత్తకుండా, "మసి గీతలు గీసేదానికి అంత చదువు చదివినావా మే" అంది.

అక్క నాకన్నా చాలా పెద్దది. అమ్మ చర్చి సంఘం పనుల మీద తిరిగే మనిషి కావడం వల్ల నన్ను సగం పెంచింది అక్కే. మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. పొద్దుగూకగానే అందరం చాప మీద గుండ్రంగా కూర్చుని చేతులు పట్టుకోవాలి. అమ్మ ప్రార్థన పొడుగ్గా ఉండేది. ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళందరి పేర్లూ వచ్చేవి, సముద్రం మీదికి పోయినవాళ్ళు వచ్చేవాళ్ళు, పాడి గేదెలు కూడా వచ్చేవి. అంతసేపు కదలకుండా కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు. నేను కదిలితే అమ్మ ప్రార్థన ఆపకుండానే కళ్ళు తెరిచి చూసేది. అందుకని అక్క నాకొక ఆట నేర్పింది. ఆమెన్ అనగానే ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కుతుంది. నేను తిరిగి నొక్కాలి. ఎవరు ముందు వదిలితే వాళ్ళు ఓడిపోయినట్టు. ఆ ఒక్క నొక్కుడు కోసం నేను గేదెలు కూడా అయిపోయేదాకా బుద్ధిగా కూర్చునేదాన్ని. కళ్ళు మాత్రం ఎప్పుడూ మూసుకోలేదు. ముందు ఎవరి చెయ్యి కదులుతుందో చూడాలి కదా.

అమ్మ పోయాక ఆ ఇంటి ప్రార్థన అక్కతో పాటు బావగారింటికి వెళ్ళింది. నేను చెన్నై వెళ్ళాను, నాతో ఏమీ రాలేదు. అక్క కుట్టుకొట్టు ఇంటి ముందు గదిలోనే. కటింగ్ బల్ల మీద బట్ట పరిచి, కొలతలు గీసి, కత్తెర పక్కన పెట్టుకుని, రెండు చేతుల వేళ్ళూ ఒకదానిలో ఒకటి చొప్పించి కళ్ళు మూసుకునేది. ఆమెన్ అన్నాకే కత్తెర. బ్లౌజు బట్ట ఇవ్వడానికొచ్చిన బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు కూడా ఆ కాసేపు మాట ఆపి నిలబడేవాళ్ళు.

"జాకెట్టు ముక్కకి కూడా ప్రార్థన ఎందుకక్కా" అని వెక్కిరించేదాన్ని.

"కోసినాక అతికించలేం మే. కోసే ముందరే అడగాల" అనేది.

పోయిన వేసవిలో సాయంత్రం పూట హఠాత్తుగా వాన పడితే, మేడ మీద ఆరేసిన బట్టలన్నీ గుండెకి హత్తుకుని దిగుతూ అక్క తడి మెట్టు మీద జారింది. కుడి చెయ్యి మోచేతి పైన విరిగింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఎముక చక్కగా అతుక్కుంది. వేళ్ళు మాత్రం ముడుచుకోవడం మానేశాయి. చెయ్యి చాపి పట్టుకుంటే చాపినట్టే ఉండేది, ఏ వస్తువు పెట్టినా జారిపోయేది.

డాక్టరుగారు నిదానస్తురాలు. మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. నరం తెగలేదు, నలిగింది. పైనుంచి కిందికి మళ్ళీ పెరుగుతూ రావాలి, అది చాలా నెమ్మది. "ఈ ఏటి వానలు వెలిసేదాకా చూద్దాం. ఆలోపు వేళ్ళలో సొంతంగా ఏ కాస్త కదలిక కనిపించినా మనం ఆగుదాం, నరమే వస్తుంది. కనిపించకపోతే మాత్రం ఇంకో ఆపరేషన్. పనిచేస్తున్న కండరాన్ని ఒకదాన్ని మళ్ళించి వేళ్ళకి కలుపుతాం. పట్టు వస్తుంది. గ్లాసు పట్టుకోవచ్చు, తలుపు తియ్యొచ్చు. సూదిపని సంగతి మాత్రం మాట ఇవ్వలేను."

అంతసేపు చెప్పినదానిలో అక్కకి వినబడింది ఆ చివరి మాటే.

ఫిజియోథెరపీ అబ్బాయి రోజూ వచ్చేవాడు. "వంచుతున్నా అని మనసులో అనుకోండమ్మా" అనేవాడు. అక్క పళ్ళు బిగబట్టేది. భుజం లేచేది, మెడ నరాలు ఉబ్బేవి, నుదురు చెమటపట్టేది. వేళ్ళు బల్ల మీద చేపల్లా పడుండేవి. చూసి చూసి నేనే మొహం తిప్పుకునేదాన్ని. కొన్నాళ్ళకి ఆ అబ్బాయి వచ్చినప్పుడు ఆమె నవ్వుతూ చెయ్యి ఇచ్చేసేది, ఎవరి చెయ్యో అన్నట్టు. కుట్టుమిషను మీద పాత దుప్పటి కప్పేశారు. బావ మైపాడు రోడ్డులో ఆటో నడుపుతాడు. పొద్దున్నే బండి తియ్యబోయే ముందు అక్కకి జడ వేసేవాడు. ఆ జడ ఎప్పుడూ ఎడమ పక్కకి లాగేసినట్టు ఉండేది. దాన్ని సరిచేయబోతే అక్క నన్ను చెయ్యి వెయ్యనిచ్చేది కాదు.

అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. రబ్బరు వేళ్ళకి పనికొచ్చే గీతలు అక్క వేళ్ళకి ఎందుకు పనికిరావు? రెండు గ్లౌజులు చెయ్యాలి. ఎడమ చేతి గ్లౌజు పల్చనిది, వేళ్ళ వెనక నల్ల గీతలు. కుడి చేతి గ్లౌజుకి కూడా గీతలు, వాటితో పాటు గాలి నింపితే వంగే రబ్బరు వేళ్ళు. బాగున్న ఎడమ చెయ్యి ముడిస్తే, గీతలు అది గ్రహిస్తాయి, ఒక చిన్న పంపు గాలి పంపిస్తుంది, కుడి చెయ్యి కూడా ముడుచుకుంటుంది. డాక్టరుగారిని అడిగితే, కీళ్ళు బిగుసుకోకుండా ఉంటాయి, మంచిదే, బలవంతం మాత్రం చెయ్యొద్దు అంది. మా ప్రొఫెసరుగారు, సెలవు రోజుల్లో చేసుకో, టేపు మాత్రం దుబారా చెయ్యకు అన్నారు.

ఊళ్ళో అందరి కొలతలూ తీసుకునే అక్కకి నేను కొలతలు తీసుకున్నాను. ఆమె కొలతల టేపుతోనే. ప్రతి వేలూ, ప్రతి కణుపూ. కత్తెర పట్టి పట్టి బొటనవేలి దగ్గర కాసిన కాయ అప్పటికే మెత్తబడుతోంది. "లూజుగా పెట్టు మే, ఉతికితే ముడుచుకుంటాది" అంది. ఇది ఉతికేది కాదక్కా అన్నాను. ఉతకని బట్ట ఏం బట్ట అని గొణిగింది.

గ్లౌజులు తెచ్చిన రోజు కటింగ్ బల్ల మీదే చేతులు చాపి పెట్టించాను. నేనే తొడిగాను, నేనే స్విచ్ వేశాను. పచ్చలైటు వెలిగింది. "ఇప్పుడు ఎడమ చెయ్యి మెల్లగా ముడువు" అన్నాను. ఆమె ముడిచింది. గాలి సన్నగా బుస్సుమంది. కుడి చెయ్యి కూడా, ఇష్టం లేనట్టు, ఒక్కో వేలే ముడుచుకుంది. దారపుకండె ఒకటి అరచేతిలో పెడితే పట్టుకుంది. అక్క చాలాసేపు దాన్నే చూసింది. బావ గుమ్మంలో నిలబడి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆమె ఏమంటుందోనని నేను ఎదురుచూశాను.

"ఈ బొటనవేలి కుట్టు ఎవరు వేసినారు మే? సిగ్గులేకుండా" అంది.

నాకప్పుడు కలిగినంత సంతోషం ఏ పరీక్ష ఫలితానికీ కలగలేదు.

ఆ సంతోషం నేను చెన్నైలో దిగి గదికి చేరేదాకా ఉంది. మర్నాడే ఫోను. "నీ గ్లౌజు నిద్రపోతా ఉండాది మే. ఎంత ముడిచినా పలకడం లేదు." బ్యాటరీ చూడమన్నాను. బావ చూశాడు, నిండా ఉంది. వైర్లు చూడమన్నాను, బాగానే ఉన్నాయి. "స్విచ్ వేసినాక పచ్చలైటు వెలిగేదాకా కదలకుండా ఉండమన్నా కదా, ఉన్నావా?"

"ఉండినా మే. రెప్ప కూడా కదల్చలేదు."

ఆ కదలకుండా ఉండడం ఎందుకో చెప్పాలి. ఎండ రోజు రబ్బరు ఒకలా ఉంటుంది, ముసురు రోజు ఇంకోలా. చేతులు కూడా రోజూ ఒకలా ఉండవు. అందుకని స్విచ్ వెయ్యగానే గ్లౌజు కాసేపు చేతిని చూసి, చాపిన చెయ్యంటే ఇదీ అని గుర్తుపెట్టుకునేలా ప్రోగ్రాం రాశాను. ఆ తర్వాత వంపునంతా అక్కడినుంచే లెక్కపెడుతుంది. ప్రయోగశాలలో అందరూ చేతులు బల్ల మీద చాపి స్విచ్ వేస్తారు. వేరే రకంగా ఎవరైనా వేస్తారన్న ఊహే నాకు రాలేదు.

తప్పంతా ఉప్పుగాలిదని తేల్చేశాను. మా వైపు గేటు తుప్పు, ఫ్యాను తుప్పు, కుట్టుమిషను సూది పెట్టెలోనే తుప్పు. నా బొగ్గు గీతల నిండా కంటికి కనబడని రంధ్రాలు. సముద్రపు గాలి దూరి పాడుచేస్తోందని, గీతల మీద ఇంకో పొర రబ్బరు పోసి మళ్ళీ చేశాను. బస్సులో పార్సిల్ పంపాను. పలకలేదు. గీత వెడల్పు పెంచాను. పలకలేదు. ప్రయోగశాలలో ఉప్పునీళ్ళ గిన్నె మీద గ్లౌజుని రోజంతా వేలాడదీశాను. అది శుభ్రంగా పనిచేసి నన్ను వెక్కిరించింది. ఒకరోజు ఫోన్లో అక్క మీద అరిచేశాను, నువ్వే ఏదో సరిగ్గా చెయ్యడం లేదని. ఆమె కోపం తెచ్చుకోలేదు. "అయ్యుంటాది మే. నాకేం తెలుసు" అంది. అలా అనడమే నాకు కష్టంగా అనిపించింది.

వానలు మొదలై, వెలిసే రోజులు కూడా వచ్చేశాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన వారం వచ్చింది. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని రైలెక్కాను. నెల్లూరు స్టేషనుకి బావ ఆటో తెచ్చాడు. పరదాల సందుల్లోంచి జల్లు కొడుతోంది. రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువుల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి.

"గ్లౌజు పనిచెయ్యలేదని ఆమె బాధపడటంలా పాపా," అన్నాడు బావ, వెనక్కి తిరగకుండా. "నువ్వు బాధపడతావని బాధపడతా ఉండాది. అది తొడుక్కుని ఊరికే కూర్చుంటాది రోజూ." మలుపు తిప్పుతూ, "చెయ్యి వస్తాదా?" అని అడిగాడు.

తెలియదు బావా అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క నా ఎదురుగా కటింగ్ బల్ల దగ్గర కూర్చుంది. బావ ఆమెకి గ్లౌజులు తొడిగి, బండి తీసుకుని స్టాండుకి వెళ్ళాడు. నేను వైరు ల్యాప్‌టాప్‌కి కలిపి, "నేను లేనట్టే, రోజూ చేసేటట్టే చెయ్యి" అన్నాను. తెర మీద గీతలన్నీ వరసగా వచ్చాయి, వేలికొకటి; వేలు వంగితే దాని గీత పైకి లేస్తుంది. అక్క స్విచ్ వేసింది. వేసి, ఎడమ చేత్తో కుడి చెయ్యి ఎత్తి, ఆ పనిచెయ్యని వేళ్ళ సందుల్లోకి ఎడమ వేళ్ళు చొప్పించి, ఒడిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని తల వంచింది.

ఆమె పెదవులు కదులుతున్నాయి. పచ్చలైటు వెలిగింది. గ్లౌజు తన పని తాను చేసుకుపోయింది. ముడుచుకున్న ఆ చేతుల్నే చూసి, చాపిన చెయ్యంటే ఇదీ అని గుర్తుపెట్టుకుంది. ఆమెన్ అని అక్క కళ్ళు తెరిచి, చేతులు విడదీసి, ఎడమ చెయ్యి ముడిచింది. గ్లౌజు లెక్కలో ఆ ముడిచిన చెయ్యే చాపిన చెయ్యి. ఎందుకు పలుకుతుంది?

"చూసినావా. నిద్రే" అంది అక్క.

నాకు నవ్వాగలేదు. ఉప్పునీళ్ళ గిన్నె గుర్తొచ్చి ఇంకా నవ్వొచ్చింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ విషయం చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "కదలొద్దన్నావు గదా. ప్రార్థనలో కదుల్తామా ఎవరైనా?" అంది.

"చేతులు చాపి ఉంచాలక్కా."

"ఆ మాట నువ్వు చెప్పలా."

నిజమే, చెప్పలేదు. "సరే, ముందు ప్రార్థన చేసుకో, తర్వాత స్విచ్ వెయ్యి" అన్నాను.

దానికి ఆమె ఒప్పుకోలేదు. "బట్ట పరిచి, కత్తెర పక్కన పెట్టుకుని, అంతా సిద్ధమైనాక గదా చేస్తాం. ఖాళీ బల్ల ముందర ఎట్టా చేస్తాం మే?" ఆ మాట మీద ఆమెని కదిలించడం మా అమ్మ వల్ల కూడా అయ్యేది కాదు. ప్రోగ్రాం మార్చడమే సుళువు. ప్రార్థన అయ్యేదాకా గ్లౌజే ఓపిక పట్టాలి, చేతులు విడివడ్డాకే లెక్క మొదలెట్టాలి. అలా రాయాలంటే ప్రార్థనలో గీతలు ఎలా ఉంటాయో, ఎక్కడ ముగుస్తుందో నాకు తెలియాలి.

"ఇంకోసారి చెయ్యి అక్కా. తెర మీద చూసుకుంటా."

"పరీక్ష కోసం ప్రార్థన చేస్తారా ఎక్కడైనా?"

"నా ఉద్యోగం నిలబడాలని చెయ్యి."

"అదైతే చెయ్యాల్సిందే" అని వెంటనే కళ్ళు మూసుకుంది.

ఈసారి గాలి పంపు ఆపేసి, నేను తెర మీద నుంచి చూపు తిప్పలేదు. చేతులు కలిసేటప్పుడు గీతలన్నీ ఒక్కసారి లేచి, తర్వాత నిలకడ పడ్డాయి. ప్రార్థన సాగినంతసేపూ తిన్నగా ఉన్నాయి. ఆమె ఆమెన్ అంది. ఎడమ చేతి గీతలన్నీ టక్కున పైకి లేచాయి. ఆ వెంటనే, కుడి చేతి చూపుడువేలి గీత, మధ్యవేలి గీత, కొంచెం, చాలా కొంచెం లేచి మళ్ళీ పడిపోయాయి.

వైరు వదులైందేమో అనుకుని గట్టిగా నొక్కాను. "ఇంకోటి చెయ్యి, బావ ఆటో టైర్ల కోసం." చేసింది. ఆమెన్ దగ్గర మళ్ళీ అదే. తర్వాత ఎదురింటివాళ్ళ అమ్మాయి కాన్పు కోసం చేసింది. మళ్ళీ అదే, అక్కడే.

ఎడమ చెయ్యి ఎందుకు లేస్తోందో నాకు అర్థమైంది. నొక్కుతోంది. పక్కన అమ్మ లేకపోయినా, నేను లేకపోయినా, ఆమెన్ అనగానే అక్క చెయ్యి నొక్కుతూనే ఉంది, పట్టుకోవడానికి ఇంకెవరూ లేక తన చేతినే. ఇన్నేళ్ళుగా ఆమె ఆ ఆట మానలేదని నాకు తెలియదు. అప్పుడు నాకు ఆమె మీద ఎంత ప్రేమ కలిగిందంటే, లేచి ఆ వంకర జడ ముద్దుపెట్టుకోవాలనిపించింది.

మరి కుడి చెయ్యి? ఎడమ చెయ్యి గట్టిగా నొక్కితే దాని కింద కుడి వేళ్ళు అదిరి ఉండొచ్చు. నేను చేసిన గీతలకి వేలు వంగిందని తెలుస్తుంది. ఎవరు వంచారో తెలియదు. నోటిదాకా వచ్చిన మాట ఆపేశాను. చెబితే ఆమె ప్రయత్నిస్తుంది. ప్రయత్నిస్తే భుజం లేస్తుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, వేళ్ళు మళ్ళీ చేపల్లా పడుంటాయి. అది కాదని తేలితే, ఆశ పెట్టి లాక్కున్నదాన్నవుతాను. ఆపరేషన్ సంగతి తేలాల్సిన వారంలో ఆమెకి అలా చెయ్యడం నా వల్ల కాలేదు.

గ్లౌజులు రెండూ తీసేశాను. కుర్చీ బల్ల ఇవతలికి లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

"అమ్మ చేయించినట్టు చేద్దామా?" అని నా చెయ్యి చాపాను.

అక్క నా మొహంలోకి అనుమానంగా చూసింది. "నువ్వు ప్రార్థన చేసి ఎన్నాళ్ళయినాది మే? ఏమైనాది నీకు?"

"ఏం కాలేదు. ఈ చెయ్యి ఇవ్వు" అని కుడి చెయ్యి నా చేతిలోకి తీసుకుని, ఆమె వేళ్ళ సందుల్లోకి నా వేళ్ళు చొప్పించాను. ఎడమ చెయ్యి ఆమె ఒడిలోనే ఉంది, దూరంగా. ఆ కుడి చెయ్యి చల్లగా ఉంది, తేలిగ్గా ఉంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు నా మణికట్టు నొప్పెట్టేలా పట్టుకున్న చెయ్యి అది. నాకు భయమేసింది. ముందు వసారా రేకుల మీద వాన గట్టిపడింది.

అక్క కళ్ళు మూసుకుంది. అమ్మలాగే, ఎవరితోనో ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది. ఈ పిల్లకి కోపం తగ్గించయ్యా అంది. వేళకి తినేటట్టు చూడు, ఉప్పుగాలి మీద పగ మానిపించు అంది. బావని, ఆటోని అప్పజెప్పింది. చివరికి గొంతు తగ్గించి, "ఈ చెయ్యి ఇస్తే నీ దయ. ఇయ్యకపోయినా నీ దయే. ఇయ్యకపోతే మాత్రం అది తన తప్పని నా చెల్లెలు అనుకోకూడదు. ఆ ఒక్కటి చూసుకో నాయనా" అంది.

నేను ఎప్పటిలాగే కళ్ళు తెరుచుకుని ఉన్నాను. ఆమె వేళ్ళనే చూస్తున్నాను. చూపు మసకబారుతుంటే భుజంతో తుడుచుకుని మళ్ళీ చూస్తున్నాను.

"ఆమెన్" అంది అక్క.

కంటికి ఏమీ కనబడలేదు. వేళ్ళు ఉన్నట్టే ఉన్నాయి. కానీ నా అరచేతి వెనక, రెండు చోట్ల, ఆమె చూపుడువేలూ మధ్యవేలూ ఆనుకున్నచోట, సన్నగా ఒక ఒత్తిడి తగిలి వెళ్ళిపోయింది. సూది దారానికి ముడి బిగించేటప్పుడు వేలికి తెలిసేటంత. ఎడమ చెయ్యి ఒడిలోనే ఉంది. మా మధ్య రబ్బరు లేదు, గాలి లేదు, వైర్లు లేవు.

తిరిగి నొక్కాలన్న సంగతే మరిచిపోయి అలాగే కూర్చున్నాను.

అక్క కళ్ళు తెరిచింది. నా చేతినీ నా మొహాన్నీ మార్చి మార్చి చూసి, చిన్నప్పటి గొంతుతో, "ఏందిమే, నేను నొక్కితే నువ్వు నొక్కలా? ఓడిపోయినట్టేనా?" అంది.

అన్నాక ఆ మాట ఆమెకే వినబడింది. మెల్లగా తల దించి, నా చేతిలో ఉన్న తన చేతిని చూసింది.

"నేను నొక్కినానా?" అంది.

తలూపాను. ఊపి, చిన్నప్పటంత గట్టిగా, వదలకుండా నొక్కాను. ఆమె ఏడవలేదు. కుర్చీలో సర్దుకుని, వీపు నిటారుగా పెట్టింది.

"ఇంకోసారి చేద్దామా?" అంది.

"దేని కోసం?"

"ఏదో ఒకటి. గేదెల కోసం చేద్దాంలే."

కళ్ళతో చూస్తే కనబడనంత చిన్న కదలిక అది. అందుకని ఈసారి నేను కూడా కళ్ళు మూసుకున్నాను.